పచ్చికొబ్బరి కోరు, నిల్వ

కార్తీక మాసంలో ఇంటింటా కొబ్బరి చిప్పలు పోగుపడతాయి. బయట వదిలేస్తే ముందు జిగురు తేలుతుంది, తర్వాత సబ్బు వాసన. ఈ సబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?

పచ్చికొబ్బరిలో దాదాపు సగం నీరు, మూడోవంతు కొవ్వు. ఆ కొవ్వులోని ఆమ్లాల్లో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. చిప్పగా ఉన్నంతసేపు కొవ్వు కణాల లోపల భద్రంగా ఉంటుంది. కోరాముతో కోరామా, కణాలు చిట్లుతాయి. తేమ, గాలి, సూక్ష్మజీవులు ఒక్కసారిగా కొవ్వును చేరతాయి. సూక్ష్మజీవుల ఎంజైములు కొవ్వును విడగొడితే లారిక్ ఆమ్లం బయటపడుతుంది. ఆ రుచే సబ్బు రుచి. అంటే చిప్ప కన్నా కోరే ముందు పాడవుతుంది.

అందుకని కోరిన వెంటనే, ఒక పూట కూరకి సరిపడా, పలచని పొట్లాలుగా కట్టి ఫ్రీజరులో పెట్టండి. పలచని పొట్లం తొందరగా గడ్డకడుతుంది. మైనస్ 18 డిగ్రీల వద్ద సూక్ష్మజీవులు పెరగవు, అలాగని అన్నీ చావవు. కరిగిన పొట్లాన్ని మళ్లీ గడ్డకట్టించవద్దు.

"కాస్త పులిస్తే ఏం, వేయిస్తే సరి" అంటారు, మా ఇంట్లోనూ అంటారు. సరి కాదు. జావాలో నూనె తీసిన కొబ్బరిపిండిని పులియబెట్టి చేసే తెంపె బొంగ్‌క్రెక్‌లో ఒక బాక్టీరియా విషం ఎందరి ప్రాణాలో తీసింది. ఇండోనేషియా 1988లో దాని తయారీని నిషేధించింది. ఆ విషానికి రుచీ వాసనా లేవు, ఉడికించినా పోదు. మన వంటింటి కొబ్బరిలో అది ఉండడం బహు అరుదు. అయినా జిగురు తేలిన చిప్పను పచ్చట్లో వేయకండి, చెట్టు మొదట్లో వేయండి.