టీబీకి మందులతో పాటు మనుషులూ కావాలి



వైద్యం, ప్రజారోగ్యం, సంక్షేమం చేయి కలిపి పనిచేయాలని చాలాకాలంగా చెప్పుకుంటున్నాం. ఆ అవసరం కొట్టొచ్చినట్టు కనిపించేది టీబీ దగ్గర. అందుకే దాని గురించే మాట్లాడతాను.

టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. మామూలు టీబీ ఆరు నెలలు సక్రమంగా వాడితే చాలావరకు నయమవుతుంది. అయినా మధ్యలో మానేసేవాళ్లున్నారు. గుంటూరు ప్రాంతంలో ఒక మిర్చి కూలీ సంగతి ఆలోచించండి. ఘాటుకు వచ్చిన దగ్గేలే అని వారాలు గడిపేస్తాడు. తీరా మాత్రలు మొదలుపెట్టాక మూత్రం ఎర్రగా వస్తుంది. అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగేనని ముందే ఎవరూ చెప్పకపోతే రక్తం పోతోందని హడలిపోతాడు. ఖాళీ కడుపున మాత్రలు మింగి వికారం పెడితే ‘మందులు వేడి చేస్తున్నాయి’ అంటాడు. పనికి పోకపోతే కూలి రాదు, కూలి రాకపోతే పొయ్యి వెలగదు. రెండు నెలలకు దగ్గు తగ్గగానే మందులు ఆపేస్తాడు. మనం రాసిచ్చే చీటీ ఒక్కటే ఈ కష్టాలన్నీ తీర్చలేదు.

తిండి విలువకు గట్టి రుజువుంది. జార్ఖండ్‌లో జరిగిన ‘రేషన్స్’ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. రోగులందరికీ నెలనెలా తిండి సరుకులు ఇచ్చారు. కొన్నిచోట్ల ఇంటివాళ్లకూ బియ్యం, కందిపప్పు ఇచ్చారు. అలా ఇచ్చిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం సుమారు 39 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో మరణాలూ తక్కువగా కనిపించాయి. పప్పన్నం పెట్టించడం కూడా మన వైద్యంలో భాగమే.

టీబీ రోగి తిండి కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన సాయం 2024 నవంబరు నుంచి 1000 అయింది. ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడాలి. ఆధార్‌లో పేరు ఒకలా, పాసుబుక్కులో మరోలా ఉంటే ఆగిపోతుంది. ఇంటికి వెళ్లే ఆశా కార్యకర్తకు ఆ చిక్కు తెలుస్తుంది. ఊరి సచివాలయంలోని వెల్ఫేర్ అసిస్టెంట్ దగ్గరుండి సరిచేయించగలరు. డాక్టరు చెవిన మాత్రం ఆ మాట పడదు.

కాబట్టి నా సూచన ఇది. ప్రతి పీహెచ్‌సీలో నెలకోసారి ఒక గంట మెడికల్ ఆఫీసరు, టీబీ సూపర్‌వైజరు, ఏఎన్ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచరు, వెల్ఫేర్ అసిస్టెంట్ కలిసి కూర్చోవాలి. ఒక్కో రోగి గురించీ మాట్లాడాలి. బరువు పెరిగిందా, షుగరు చూశారా, డబ్బు పడిందా, ఇంట్లో పిల్లలకు పరీక్ష అయిందా? మిగిలిన ప్రతి పనికీ బాధ్యుల పేరు, గడువు రాసుకోవాలి. రోగి వివరాలు ఆ గది దాటకూడదు.

ఆ సమావేశంలో ఆశాను వెనక నిలబెట్టకండి. ఆ ఇంటి గడప తొక్కింది ఆమె. కుర్చీ వేసి, ముందుగా ఆమె చెప్పేది వినండి.

డాక్టర్లకు నా విన్నపం ఒక్కటే. కొత్త పథకం కోసం, కొత్త జీవో కోసం ఎదురుచూడక్కర్లేదు. పైన చెప్పిన వాళ్లంతా ఇప్పటికే మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లను పిలిచి కూర్చోబెట్టే బాధ్యత మనం తీసుకుందాం. వచ్చే నెలలోనే మొదలుపెట్టండి.