సంస్థాశయము - నాయకుని బాధ్యత

సంస్థను స్థాపించుట మన దేశమున కష్టమైన పని కాదు. పదుగురు సజ్జనులు కూడినచో ఒక పేరు, ఒక నిబంధనావళి, ఒక కార్యవర్గము నేర్పడును. పదియేండ్లు గడచిన పిమ్మట ఆ సంస్థ తొలినాటి యుద్దేశమునే సేవించుచున్నదా యనునది కఠినమైన ప్రశ్న. భవనము లేవవచ్చును, చందాదారులు పెరుగవచ్చును, వార్షికోత్సవములు వైభవముగ సాగవచ్చును. అయినను ఏ పనికొఱకు సంస్థ పుట్టెనో ఆ పని మూలబడి యుండవచ్చును. ఈ మార్పు ఒక్కనాట రాదు. దాతను నొప్పింపరాదని యొక సడలింపు, పెద్దమనిషి మాట త్రోసివేయలేక మఱియొక సడలింపు, ఇట్లు మెల్లమెల్లగ వచ్చును. దానిని మొట్టమొదట కనిపెట్టవలసినవాడు నాయకుడు.

గోపాలకృష్ణ గోఖలేగారు 1905వ సంవత్సరము జూన్ 12వ తేదీన పూనాలో స్థాపించిన భారతసేవక సంఘచరిత్ర ఈ విషయమున మనకు పాఠము చెప్పగలదు. దేశసేవకే జీవితము నర్పించువారిని తరిఫీదు చేయుట, ప్రజాజీవనమునకు ధర్మనిష్ఠను చేకూర్చుట దాని యాశయములు. చేరువారు ఏడు ప్రతిజ్ఞలు చేయవలెను. తనకొఱకు ధనము నార్జింపకుండుట, కులమతభేదము లెంచక భారతీయుల నందఱను సోదరులుగ చూచుట, ఎవరితోను స్వంతకలహమునకు దిగకుండుట వానిలో కొన్ని. ఏడవ ప్రతిజ్ఞ మిక్కిలి గమనింపదగినది: సంఘాశయములను సర్వదా దృష్టియం దుంచుకొని, వానికి విరుద్ధమగు పని యెన్నడును చేయరాదు. గోఖలేగారు స్థాపకుడనని తన్ను మినహాయించుకొనలేదు. ప్రథమసభ్యుడై ఆ ప్రతిజ్ఞలు తామే ముందు చేసిరి. ఆశయరక్షణభారము నిట్లు ప్రతి సభ్యుని భుజముపై నుంచిరి.

ఆ యేర్పాటు త్వరలోనే పరీక్షకు వచ్చెను. 1915 జనవరిలో గాంధీగారు దక్షిణాఫ్రికానుండి తిరిగివచ్చిరి. వారు సంఘమున చేరవలెనని గోఖలేగారి కోరిక. కాని గాంధీగారి పద్ధతులకును తమ పద్ధతులకును అంతరము హెచ్చని సభ్యులలో కొందఱు సంశయించిరి. తన కెంత ప్రియమైన విషయమైనను గోఖలేగారు వారిని నిర్బంధింపలేదు. ఫిబ్రవరి 19వ తేదీన వారు స్వర్గస్థులైరి. పిమ్మట అభిప్రాయభేదము తీవ్రముగ నుండుట చూచి, గాంధీగారు తమ దరఖాస్తును ఉపసంహరించుకొనిరి. గోఖలేగారియెడ విశ్వాసము చూపుట యిట్లేయని వారు తలంచిరి. సంఘముతో స్నేహము చెడలేదు.

గాంధీగారిని చేర్చుకొన్నచో సంఘకీర్తి యెంత పెరిగియుండెడిదో యని యనువారుందురు. నిజమే. కాని కీర్తికొఱకు మార్గమును మార్చుకొన్న సంస్థ, రేపు ధనముకొఱకును మార్చుకొనును. మహాపురుషునియెదుట సైతము తన సంశయమును చెప్పగల ధైర్యము సభ్యులలో నుండుట గోఖలేగారి నాయకత్వమునకు ఫలము.

ఆశయమునం దుండు పట్టుదల పనులయందు సంకోచము కారాదు. తరువాతి యధ్యక్షులు శ్రీనివాసశాస్త్రిగారి కాలమున ఎన్.ఎం. జోషిగారు కార్మికులలోను, ఠక్కర్ బాపాగారు భిల్లులలోను, దేవధర్‌గారు సహకారోద్యమమునను పనిచేసిరి. త్రోవలు వేఱు, వ్రతము ఒకటే. ఏది వ్రతము, ఏది త్రోవ యని వివేచించుటయే నాయకుని ముఖ్యకార్యము. త్రోవను వ్రతమని భ్రమించినచో సంస్థ మొద్దుబారును. వ్రతమును త్రోవవలె మార్చినచో సంస్థ నశించి, పేరు మాత్రము నిలుచును.

మన గ్రామములలోని గ్రంథాలయమునకైనను, సహకారసంఘమునకైనను ఇదియే నీతి. వార్షికసభలో జమాఖర్చులు చదువుటకు ముందు, సంస్థ యేల పుట్టినదో తెలుపు మొదటి నిబంధనను చదువవలెను. ఈ యేట దాని ననుసరించి యేమి చేసితిమని నాయకుడు తానే సభ్యులకు సమాధానము చెప్పవలెను. ఈ ప్రశ్నను తనకు పిదప తడబడక అడుగగల సభ్యులను తయారుచేసిన నాయకుడు ధన్యుడు. అతని సంస్థ అతనితో ముగియదు.