నెహెమ్యా ప్రార్థన చేశాడు, కావలి కూడా పెట్టాడు



నేను పాస్టర్ని కాదు. పదో తరగతి చదివిన కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్ని. పోయిన ఆదివారం కూడికలో నాలుగు మాటలు చెప్పమన్నారు. డ్యూటీ ఉండి రాలేకపోయిన వాళ్ల కోసం అవే ఇక్కడ పెడుతున్నాను.

మనందరి భయం ఒకటే. కంపెనీ పెద్దది, వీసా వాళ్ల చేతిలో ఉంది, ఊళ్లో అప్పు ఉంది, నోరు తెరిస్తే ఫ్లైట్ ఎక్కిస్తారు. అప్పుడు దేవుణ్ణి నమ్మడం అంటే ఏం చేయాలి?

బైబిల్లో నెహెమ్యాను చూడండి. ఆయనా మనలాగే పరదేశంలో, పారసీక రాజు దగ్గర కొలువు చేసినవాడు. యెరూషలేము గోడ కట్టడానికి బయల్దేరే ముందు రాజు దగ్గర ఉత్తరాలు అడిగి తీసుకున్నాడు. కాగితం విలువ తెలిసినవాడు. సన్బల్లటు, టోబీయా ఎగతాళి చేశారు, మీద పడి చంపాలని చూశారు. నెహెమ్యా దేవుడికి ప్రార్థన చేశాడు. రాత్రీ పగలూ కావలి కూడా పెట్టాడు. మోత మోసేవాళ్లు ఒక చేత్తో పని, ఒక చేత్తో ఆయుధం. 52 రోజుల్లో గోడ పూర్తయింది. ఒకటి చేసి రెండోది మానలేదు, అది గమనించండి.

ఈ దేశంలోనే జరిగిన సంగతి వినండి. కత్రినా తుఫాను తర్వాత సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ మన దేశం నుంచి సుమారు 500 మంది వెల్డర్లను, పైప్ ఫిట్టర్లను మిసిసిపీకి, టెక్సాస్‌కు తెచ్చింది. గ్రీన్‌కార్డు వస్తుందని నమ్మి ఒక్కొక్కరు పది వేల డాలర్లు, అంతకు మించి కట్టారు. వచ్చాక ఒక్కో ట్రైలర్‌లో 24 మంది దాకా ఉంచి, దానికి నెలకు 1,050 డాలర్లు జీతంలో కోశారు. మాట్లాడిన వాళ్లను 2007లో వెనక్కి పంపబోయారు. అయినా 2008 మార్చిలో వంద మంది దాకా పని వదిలి బయటికొచ్చారు. వాషింగ్టన్ వెళ్లి నిరాహార దీక్ష చేశారు, కోర్టుకెక్కారు. ఏడేళ్లు పట్టింది. 2015 ఫిబ్రవరిలో న్యూ ఆర్లీన్స్ జ్యూరీ ఐదుగురికి సుమారు కోటి 41 లక్షల డాలర్లు ఇవ్వమంది. ఆ ఏడాదే కంపెనీ దివాలా పెట్టి, మిగతా కేసుల్లో 2 కోట్ల డాలర్ల రాజీకి ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఆ కార్మికుల్లో అన్ని మతాల వాళ్లూ ఉన్నారు. న్యాయం కోసం నిలబడ్డ ప్రతివాడి పక్కనా మన దేవుడు ఉంటాడని నా నమ్మకం.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక సైటులో నా కింద పన్నెండు మంది మనవాళ్లు ఉండేవారు. వారానికి అరవై గంటలు చేస్తే కాగితం మీద నలభై వేశారు. గొడవ కాకుండా చూడమని కాంట్రాక్టరు నాకు చెప్పాడు. నేను పిల్లలతో, "ప్రార్థన చేసుకోండిరా, దేవుడు చూసుకుంటాడు" అన్నాను. ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, నీ జీతం కూడా ప్రార్థనతోనే వస్తోందా?" నా దగ్గర జవాబు లేదు. నా ఉద్యోగం పోతుందన్న భయానికి దేవుడి పేరు అడ్డం పెట్టుకున్నాను. నెహెమ్యా అయితే పేదల పొలాలు తాకట్టు పట్టిన తన సొంత పెద్దల్నే నిలదీశాడు.

కాబట్టి మోకాళ్లు వంచండి, లేచాక కావలి పెట్టండి. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. బలవంతంగా పని చేయించడానికి దాన్ని దాచడం ఇక్కడ నేరం. చేసిన గంటలు రోజూ నోటుబుక్కులో రాయండి. చదవని కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఒంటరిగా కాదు, నలుగురు కలిసి అడగండి. కనీస కూలి, ఓవర్‌టైం చట్టాలు వీసా లేనివాళ్లకూ వర్తిస్తాయి. నిర్బంధంలో ఉంటే 1-888-373-7888కు ఫోన్ చేయండి, మన భాషలో మాట్లాడాలంటే అనువాదకుణ్ణి అడగండి.

ఆ పన్నెండు మందిలో ఎవరైనా ఇది చదువుతుంటే, తమ్ముడూ, నన్ను క్షమించు. ఆ గంటల గురించి సాక్ష్యం కావాలంటే ఇప్పుడు వస్తాను.

దేవుడు మిమ్మల్ని కాపాడును గాక. ఆమేన్.