1957 నాటి చిత్రములు: మా యెన్నిక

సంవత్సరాంతమున చిత్రాభిమానులు తమకు నచ్చిన చిత్రముల పట్టిక నొకటి సిద్ధపరచుకొనుట వాడుక. అట్టి పట్టికలలో పెక్కు మరుసటి సంక్రాంతి నాటికే పాతబడును. ఆనాడు ఘనముగ దోచినది కొంతకాలమునకు వెలవెలబోవును. తొలుత లెక్కకు రానిది మనస్సున నిలిచిపోవును. అభిమానమునకు కాలమును మించిన పరీక్షకుడు లేడు. కావున ఈ ప్రసంగమున మేము నిన్న మొన్నటి సంవత్సరమును విడిచి, ఆరు దశాబ్దములకు పైబడిన 1957వ సంవత్సరమును దీసికొని, ఆ యేటి తెలుగు చిత్రములలో మాకు మిక్కిలి ప్రీతిపాత్రములైన నాలుగింటిని గూర్చి శ్రోతలకు విన్నవింపదలచితిమి.

ఆ సంవత్సరము తెలుగువారికి సామాన్యమైనది కాదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించిన పిమ్మట వచ్చిన మొదటి నిండు సంవత్సర మది. రాష్ట్ర రాజధాని హైదరాబాదైనను, తెలుగు చిత్రములకు రాజధాని అప్పటికి మద్రాసే. 1956లోనే హిందూ వారసత్వ చట్టము వచ్చి, ఆస్తిలో ఆడుబిడ్డల హక్కును గూర్చిన చర్చ ఇంటింటికిని వచ్చినది. 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వివిధ భారతిని ప్రారంభించినది. అంతకు పూర్వము చిత్రగీతముల కొఱకు సిలోను రేడియో వంక చెవియొగ్గిన శ్రోతలకు మన కేంద్రములే ఆ విందు నందించు కాలము వచ్చినది.

మా యెన్నికలోని నాలుగు చిత్రములును వేర్వేరు తెగలకు చెందినవి. రెండు సాంఘికములు, ఒకటి పౌరాణికము, ఒకటి భక్తి చిత్రము. అయినను నాలుగింటను ఒక్క ప్రశ్నయే కలదు: సిరి తొలగినప్పుడు చుట్టరికము నిలుచునా? చెరువు నిండినపుడు చేరు కప్పలతో సుమతీశతకకారుడు బంధువులను పోల్చిన నాటి నుండియు తెలుగువారి నీ ప్రశ్న వెంటాడుచునే యున్నది.

జనవరి 11న విడుదలైన 'తోడికోడళ్ళు' మొదటిది. అన్నపూర్ణా సంస్థ పక్షమున దుక్కిపాటి మధుసూదనరావుగారు నిర్మింపగా ఆదుర్తి సుబ్బారావుగారు దర్శకత్వము వహించిరి. శరత్‌చంద్రుని 'నిష్కృతి' దీనికి మూలము. ఉమ్మడి కుటుంబమున పెద్దవాడైన వకీలు సంపాదించును. ఇంటిలో నేమి జరుగుచున్నదో ఆయనకు బట్టదు. పెద్దకోడలి మంచితనము, చిన్నకోడలి నిక్కచ్చితనము, నడిమి కోడలి యసూయ, ఈ మూడింటి నడుమ ఇల్లు రెండుగ చీలును. శరత్ నవలలో దావా వేసిన చోటికి పోయిన పెద్దాయన, తగవు తీర్చుటకు మారుగ ఆస్తినంతయు చిన్నకోడలి పేర వ్రాసి వచ్చును. లోకము దృష్టిలో నది పిచ్చితనము. న్యాయశాస్త్రము చదివినవాడు న్యాయస్థానమునకు వెలుపల చెప్పిన తీర్పుగ మాకది తోచును. ఈ చిత్రమున శ్రమజీవుల కష్టమును గూర్చిన పాటను వినినవారు పెక్కుమంది శ్రీశ్రీగారి రచన యనుకొందురు. దానిని వ్రాసినవారు ఆత్రేయగారు.

ఫిబ్రవరిలో వచ్చిన 'భాగ్యరేఖ' రెండవది. 'మల్లీశ్వరి', 'బంగారుపాప' చిత్రముల నిచ్చిన బి. ఎన్. రెడ్డిగారు పొన్నలూరి సోదరుల కొఱకు దీనికి దర్శకత్వము వహించిరి. తలిదండ్రులు లేని పిల్ల మేనమామ యింట పెరుగుచు ఎదుర్కొను కష్టములే ఇందలి కథ. ఇది గొప్ప కథ యని మేమనము. ఇట్టి కథలు అంతకు ముందును గలవు. అయినను రెడ్డిగారి చిత్రములలో దుఃఖము గొంతెత్తి యేడ్వదు. జమునగారి ముఖమున నది మెల్లగ నిండి నిలిచిపోవును. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు వ్రాయగా పెండ్యాల నాగేశ్వరరావుగారు స్వరపరచిన తిరుమలేశుని పాట, దిక్కులేనివారి మొఱగ నేటికిని వినబడుచున్నది. కృష్ణశాస్త్రిగారు ఆకాశవాణిలో ప్రవేశించినదియు ఆ 1957లోనే. ఆ యేటి జాతీయ పురస్కారములలో తెలుగునకు లభించిన రాష్ట్రపతి రజత పతకము ఈ చిత్రమునదే.

మార్చి 27న వచ్చిన 'మాయాబజార్' గూర్చి క్రొత్తగ చెప్పదగిన దేమున్నదని శ్రోతలు అడుగవచ్చును. విజయా సంస్థ, కె. వి. రెడ్డిగారి దర్శకత్వము, పింగళి నాగేంద్రరావుగారి రచన, ఘంటసాలగారి సంగీతము, ఇవి యెల్లరును ఎఱిగినవే. శశిరేఖ కథ వ్యాసభారతమున లేదు. జనుల నోట పుట్టి, నాటకమునకు వచ్చి, 1936లోనే ఒకమారు చిత్రమైనది. ఇన్ని చేతులు మారిన కథలో కె. వి. రెడ్డిగారు చేసిన సాహస మొకటి గలదు. పాండవుల కష్టము వలననే కథ నడుచును గాని, తెరపై పాండవు లొక్కమారైనను కనబడరు. జూదమున రాజ్యము పోయినదన్న వార్త ద్వారకకు చేరును. చిన్ననాడు ఇచ్చిన మాట వెంటనే బరువైపోవును. పేదవారైన చుట్టములు మన కన్నులకు కనబడకుండ పోవుదురనుటకు ఇంతకన్న చక్కని యుపాయము మఱియొకటి లేదు.

మార్కస్ బార్ట్‌లే గారు తెరపై కురిపించిన వెన్నెల ప్రకృతి యిచ్చినది కాదు, దీపములతోను కటకములతోను ఆయన చేసినది. 2010లో ఈ చిత్రమునకు రంగులద్ది మరల విడుదల చేసిరి. క్రొత్తతరము వారిని రప్పించుటకు ఆ యత్నము మంచిదే. మా మనస్సు మాత్రము నలుపు తెలుపుల వెన్నెలనే కోరును.

నవంబరు 28న విడుదలైన 'పాండురంగ మాహాత్మ్యము' నాలుగవది. దర్శకులు కమలాకర కామేశ్వరరావుగారు. పుండరీకుడు వేశ్యాలోలుడై తలిదండ్రులను బాధించి, పిదప కనులు తెరచి వారి సేవయే దైవసేవయని గ్రహించును. సేవ ముగియువరకు భగవంతుడు ఇటుకపై నిలిచి వేచియుండెనన్నది పండరీపుర స్థలపురాణము. మూడు చిత్రములలో చుట్టములు గుమ్మము వద్ద వేచియుండగా, ఇందు దైవమే వేచియుండుట మాకు మిక్కిలి ప్రియమైన విషయము.

అభిమానము గ్రుడ్డిది కారాదు గనుక ఒక లోపమును చెప్పక తప్పదు. ఈ నాలుగు చిత్రములును ఇల్లు చీలిన పాపమును చాలవరకు స్త్రీల తలపైననే పెట్టినవి. రేవతి, నడిమి కోడలు, మేనమామ భార్య, వేశ్య యందఱును నిందపడుదురు. శకుని ముఖస్తుతికి లొంగిన బలరాముడును, ఇంటి సంగతి పట్టని వకీలును మన నవ్వులతోనే తప్పించుకొందురు. ఆస్తి మగవారి పేరనుండగా తగవు ఆడువారి పేర వ్రాయుట ఆనాటి చిత్రముల యలవాటు. అది నేటికిని పూర్తిగ పోలేదు.

ఈ లోపమునకు ఆ యేటనే ఒక సమాధానమును గలదు. జనవరిలో ఇల్లు చీల్చిన నడిమి కోడలు సూర్యకాంతముగారు. మార్చిలో, అడవిదారి పట్టి వచ్చిన సుభద్రాభిమన్యులను ఆదరించిన హిడింబియు వారే. రాజభవనము త్రోసివేసిన చుట్టరికమును రాక్షసుల ఇల్లు అక్కున జేర్చుకొన్నది. ఆ రెండు చిత్రములందును ఎస్. వి. రంగారావుగారు గలరు: ఒకదాన పరధ్యానపు వకీలు, రెండవదాన తమ్ముని కొఱకు మాయలన్నియు పన్నిన ఘటోత్కచుడు. మూడునెలల లోపున ఆ యిరువురు నటులు ఇంటికి గల రెండు ముఖములను మనకు చూపిరి.

శ్రోతలు వీలైనచో ఈ నాలుగింటిని విడుదలైన వరుసలోనే చూతురుగాక. పాటలకును నవ్వులకును మనస్సిచ్చిన పిదప, ప్రతి చిత్రమునను కలిమి తగ్గిన వానిని ఎవరు పలుకరించిరో, ఎవరు మొగము చాటువేసిరో గమనింతురుగాక. మన యిండ్లలోని పెండ్లి పిలుపుల పట్టికలను అటుపిమ్మట ఒకమారు తిరుగవేసి చూచుకొనుట అందఱికిని మంచిది.