అమ్మ స్విచ్చి

మన బడి రోజుల్లో పాల్వంచలో కరెంటు పుట్టేది, మా ఇంట్లో మాత్రం కిరోసిన్ బుడ్డే.

యాభై దాటాక హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, ఒక రాస్ప్‌బెర్రీ పైలో వేసి, భద్రాచలం దగ్గర ఇంట్లో అమ్మ కోసం పెట్టాను. రాత్రి ఆమె మంచం దిగితే సెన్సర్ గుర్తుపట్టి వసారాలో లైటు వెలిగించాలి.

రెండో రాత్రే అమ్మ చీకట్లో గడప తట్టుకుని పడింది. పడుకోబోయే ముందు అలవాటుగా గోడమీద స్విచ్చి ఆపేసిందట. కరెంటే అందని స్మార్ట్ బల్బు ఎవరి మాట వింటుంది?

"లైటు ఆపకుండా ఎవరు పడుకుంటార్రా?" అంది. ఇంజనీరుగారి దగ్గర జవాబు లేదు.

మామూలు బల్బు పెట్టి, స్విచ్చిబోర్డు వెనక రిలే బిగించాను. పక్కనే ప్లగ్గు ఉంది గనుక న్యూట్రల్ వైరు దొరికింది. ఇప్పుడు స్విచ్చి ఆమెదే, సెన్సరూ పనిచేస్తుంది. నెట్ పోయినా ఫర్వాలేదు, అంతా ఇంట్లోనే నడుస్తుంది. కరెంటు పోతే? అమ్మ దిండు కింద టార్చిలైటు ఉంది.