పెద్దల మనసుకూ వైద్యం కావాలి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం వృద్ధులకు బీపీ, షుగరు మాత్రలు ఇస్తోంది, రంజాన్‌లో రేషన్ ఇస్తోంది. అల్‌హమ్‌దులిల్లాహ్. ఆ మాత్రలు తీసుకుంటూ వాళ్లు ఏమంటారో విన్నారా? "నిద్ర పడ్తలేదు", "దిల్ ఘబ్‌రాతా". కోరుట్ల, జగిత్యాల వైపు ఎన్నో ఇళ్లలో కొడుకులు దుబాయిలోనో సౌదీలోనో ఉంటారు. భర్త పోయిన అమ్మీ వీడియో కాల్‌లో "ఖుష్ హూఁ బేటా" అని నవ్వుతుంది. ఫోన్ పెట్టేశాక అన్నం ముట్టదు. ఈసీజీ తీయిస్తే బాగానే ఉంటుంది. "ముసలితనం, అంతే" అని ఇంటికి తెచ్చేస్తాం. అక్కడే పొరపాటు చేస్తున్నాం. విడవని దిగులు ఒక జబ్బు, దానికి చికిత్స ఉంది.

"ఈ వయసులో మాట్లాడితే ఏం మారుతుంది డాక్టర్ సాబ్?" అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. గోవాలో జరిగింది చెబుతాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చే 60 ఏళ్లు దాటినవారిలో, దిగులు ఛాయలు కనిపించిన 181 మందిని ఎంచుకున్నారు. అందులో సగం మందితో శిక్షణ పొందిన మామూలు మనుషులు కూర్చుని మాట్లాడారు. వాళ్లు డాక్టర్లు కారు. ఏ సమస్యను ముందు తీర్చుకోవాలి, నిద్ర ఎలా కుదుర్చుకోవాలి, షుగరు ఎలా చూసుకోవాలి, ప్రభుత్వ సాయం ఎలా అందుకోవాలి, ఇవే వాళ్ల మాటలు. ఏడాదిలో ఆ 91 మందిలో నలుగురికే డిప్రెషన్ వచ్చింది. మిగతా 90 మందిలో 13 మందికి వచ్చింది. ఈ ఫలితాలు 2019లో అచ్చయ్యాయి.

ఇది పరాయి విద్య అనుకోకండి. వెయ్యేళ్ల కిందటే అబూ జైద్ అల్ బల్ఖీ శరీరానికీ మనసుకూ కలిపి ఒకే వైద్య గ్రంథం రాశారు. నమాజు ఓదార్పునిస్తుంది, కాదనను. షుగరుకు దుఆ చేస్తూనే మాత్ర కూడా వేసుకుంటున్నాం కదా!

మనకు కావలసింది దక్కనీ, తెలుగు రెండూ వచ్చి, నిర్మల్, భైంసా, మెట్‌పల్లి బీడీలు చుట్టే ఇళ్లలోకి చనువుగా వెళ్లగల ఆపాలు. చావు మాట వినబడితే మాత్రం వాళ్లు ఆగకూడదు, వెంటనే మానసిక వైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి. రాత్రి పూటైతే టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం.

ఇద్దరు ఆపాలతో మొదలుపెడదాం. వాళ్ల శిక్షణ, జీతం, బస్సు ఖర్చు ఎవరెవరు భరిస్తారో భోజనాలకు లేచేలోపు కోశాధికారి గారికి పేర్లు ఇవ్వండి.