ప్రత్తి విత్తనమునకు గంధకామ్లము: వాడు విధము, వహింపవలసిన జాగ్రత్తలు

(ప్రత్తి సాగుచేయు రైతుల నిమిత్తమైన ఉపన్యాసము)



ప్రత్తిని జిన్నులో ఆడించిన పిమ్మట గింజను అంటి పొట్టి నూగు మిగులును. ఈ నూగువలన గింజలు ఒకదానినొకటి పట్టుకొని గొఱ్ఱు జడ్డిగమునందు జారవు. ఒకచోట నాలుగు గింజలు పడిన, మఱియొకచోట ఒక్కటియు పడదు. నూగుగల గింజ నీటిని ఆలస్యముగా పీల్చుకొనును గనుక మొలక సమముగా రాదు. నల్లమచ్చ తెగులును కలిగించు సూక్ష్మజీవులును గింజపైని నూగునందు దాగియుండి మరుసటి పైరును చేరును.

ఈ నూగును తీయుటకు గాఢ గంధకామ్లమును వాడు పద్ధతి చాలకాలముగా నున్నది. పట్టణపు అంగళ్లలో దీనిని తేజాబనియు, యాసిడనియు పిలుతురు. ఇది మేలు చేయు వస్తువే. కాని రసాయనశాలలలో సైతము నేర్పరులు భయభక్తులతో ముట్టు వస్తువు. పొలము గట్టుననో పెరటిలోనో దీనిని వాడు రైతు దాని స్వభావమును ఎఱిగియే వాడవలెను.

ఎవరికి అవసరము

2002వ సంవత్సరమున భారతదేశమునందు బీటీ ప్రత్తికి అనుమతి లభించిన నాటినుండి, రైతులు నాటు విత్తనములో పెద్దభాగము కంపెనీలవద్దనే నూగు తీయబడి, మందు పట్టింపబడి, పొట్లములలో వచ్చుచున్నది. అట్టి విత్తనమును తిరిగి ఆమ్లమునందు వేయరాదు. దానివలన మందు పోవును, గింజయు చెడును. దేశవాళి రకములను, సూటి రకములను సాగుచేయుచు స్వంత విత్తనమును నిలుపుకొను రైతులకే ఈ పని అవసరపడును.

వీరిలోను కొద్దిపాటి విత్తనముగలవారు ఆమ్లముజోలికి పోనక్కఱలేదు. పెద్దలు చేయుచుండినట్లు పేడ, ఎఱ్ఱమట్టి కలిపిన నీళ్లతో గింజలను రుద్ది నీడన ఆరవేసిన నూగు అణగి, గింజలు విడివిడిగా జారును. ఇందు తెగులు నశింపదు, తాలు గింజలు వేఱుపడవు. కాని ప్రాణభయము లేదు. అందువలన ఆమ్లమును తెచ్చుటకు ముందు, అది నిజముగా కావలయునా యని ప్రతి రైతును తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

ఆమ్లము స్వభావము

గాఢ గంధకామ్లము నూనెవలె చిక్కగా నుండును. నీటికంటె దాదాపు రెండింతలు బరువు. ఒక లీటరు ఆమ్లము 1.84 కిలోలు తూగును. అయిదు లీటర్ల డబ్బా తొమ్మిది కిలోలకు పైబడును. నీళ్ల డబ్బాయని తలచి ఒంటిచేత ఎత్తినవారి చేయి జారుటకు ఇదియే కారణము.

దీనికి నీటిపై తీఱని దాహము. గాలిలోని తేమనుగూడ లాగికొనును. మూత తీసి యుంచిన ఆమ్లము నానాటికి పెరిగి పాత్రనుండి పొరలిపోవును. నీటితో కలిసినపుడు మిక్కిలి వేడి పుట్టును. ఆమ్లములో నీరు పోసినచో, తేలికయైన నీరు పైననే నిలిచి, తటాలున మరగి, ఆమ్లముతోగూడ ముఖముపైకి చిందును. కావున ఆమ్లమును పలుచన చేయవలసివచ్చినచో, విస్తారమైన నీటిలో ఆమ్లమును సన్నని ధారగా పోయవలెనేగాని, ఆమ్లములో నీరు ఎన్నడును పోయరాదు.

ప్రత్తి నూగులోని పదార్థమునుండి సైతము ఈ ఆమ్లము నీటి అంశమును లాగివేసి బొగ్గుగా మార్చును. నూగు ఊడుటలోని రహస్యమిదియే. అయితే రైతు కట్టిన పంచెయు, కూలివాని అంగీయు, తలగుడ్డయు ఆ ప్రత్తితోనే చేయబడినవి. గింజపై నూగునకు పట్టిన గతియే వానికిని పట్టును. చేతికి గుడ్డ చుట్టుకొని పనిచేయుట రక్షణ కాదు. ఆ గుడ్డ ఆమ్లమును పీల్చి చర్మమునకు అదిమి పట్టును.

కొనుట, దాచుట

నూగు తీయుటకు కావలసినది గాఢ గంధకామ్లము. మోటారు బ్యాటరీలలో పోయునది నీళ్లు కలిసిన ఆమ్లము. అది ఈ పనికి చాలదు. మరుగుదొడ్లు కడుగుటకు అమ్మునది సాధారణముగా వేఱొక ఆమ్లము. చీటీ లేని సీసాలో అమ్మబడు దేనినిగాని కొనరాదు.

2013 జూలైలో భారత సర్వోన్నత న్యాయస్థానము ఆమ్లముల చిల్లర విక్రయమునకు కట్టుబాట్లు విధించినది. విక్రేత కొనువాని పేరు, చిరునామా, కొనిన పరిమాణము చిట్టాలో వ్రాయవలెను. గుర్తింపు పత్రము చూడవలెను. కొను కారణము అడుగవలెను. పదునెనిమిది సంవత్సరములు నిండనివారికి అమ్మరాదు. చిట్టా అడుగు అంగడియే నమ్మదగిన అంగడి. గుర్తింపు పత్రము తీసికొని రైతు తానే పోవలెనుగాని పిల్లవానిని పంపరాదు.

కిలో విత్తనమునకు 100 మిల్లీలీటర్ల ఆమ్లము చాలును. అయిదు కిలోలకు అర లీటరు. లెక్క కట్టి అంతమాత్రమే కొనవలెను. చౌకయని ఎక్కువ తెచ్చి ఇంట నిలువజేసినది మఱుసటి సంవత్సరము ఎవరి చేతికి చిక్కునో చెప్పరాదు. మిగిలినదానిని విక్రేతకే అప్పగించుట మేలు.

తెచ్చిన ఆమ్లమును అది వచ్చిన పాత్రలోనే, చీటీ చెరగకుండ, తాళముగల గదిలో నేలమీద నుంచవలెను, అటకపై నుంచరాదు. నీరు త్రాగు సీసాలోనికి మార్చరాదు. బ్లీచింగు పొడి దగ్గఱ నుంచరాదు; రెండును కలిసినచో ఊపిరి నరికట్టు విషవాయువు వెలువడును.

పనికి ముందు

పాత్రలు మందమైన ప్లాస్టిక్ బకెట్లు, తొట్లు కావలెను. జింకుపూత రేకు బకెట్లు, ఇనుప పాత్రలు, అల్యూమినియపు గిన్నెలు పనికిరావు. నీరు కలిసిన ఆమ్లము ఈ లోహములను తినివేయుటయేగాక, నిప్పు సోకిన మండు వాయువును పుట్టించును. అందువలన దగ్గఱ బీడీ, చుట్ట, పొయ్యి ఉండరాదు. కలుపుటకు పొడి కఱ్ఱ వాడవలెను.

పనిచేయువానికి మోచేతివఱకు వచ్చు మందపు రబ్బరు తొడుగులు, ప్రక్కలుకూడ మూసియుండు కంటి అద్దములు, రబ్బరు లేక ప్లాస్టిక్ ముందుగుడ్డ, రబ్బరు బూట్లు ఉండవలెను. వైద్యులు వాడు పలుచని తొడుగులు చాలవు. కాళ్లకు తొడిగిన గుడ్డ బూటుపైకి జారియుండవలెనేగాని బూటులోనికి దోపరాదు. దోపినచో చిందిన ఆమ్లము పాదమునకే దిగును.

ఆరుబయట, గాలి వీపున తగులునట్లు నిలువవలెను. పిల్లలను, పశువులను దూరముగా నుంచవలెను. అన్నిటికంటె ముందుగా, మూత తీయకమునుపే, చేరువలో రెండు మూడు పెద్ద తొట్ల నిండ మంచినీరు సిద్ధముగా నుండవలెను. ఈ నీరు విత్తనము కడుగుటకు కాదు, మనిషిని కడుగుటకు. పంపు ఆడుచుండినచో మఱియు శ్రేష్ఠము.

చేయు విధము

విత్తనము బాగుగా ఎండియుండవలెను. తడి గింజపై ఆమ్లము పడినచో వేడి పుట్టి మొలక చచ్చును. ఒక్కొక్క దఫాకు ఒక్క కిలో మించరాదు. మొదట పిడికెడు గింజలను శుద్ధిచేసి, నూఱు గింజలను తడిగుడ్డలో మొలకెత్తించి చూచి, తరువాతనే మిగిలినదానికి పూనుకొనుట వివేకము.

పొడి బకెట్టులో కిలో గింజలు వేసి, కొలిచిన 100 మిల్లీలీటర్ల ఆమ్లమును వానిపై మెల్లమెల్లగా పోయుచు, కఱ్ఱతో రెండు మూడు నిమిషములు విడువక కలుపవలెను. నూగు కరిగి గింజ కాఫీ పొడి రంగు పొందినంతనే ఆపవలెను. ఇంకను కొంచెముసేపు ఉంచిన ఇంకను శుభ్రపడునను ఆశ గింజకు చేటు. పైపొర దాటిన ఆమ్లము మొలకను కాల్చును.

వెంటనే ఆ గింజలనన్నిటిని పది లీటర్లకు తగ్గని నీరుగల తొట్టిలోనికి, నీటికి దగ్గఱగా వంచి, జాఱవిడువవలెను. బకెట్టులోనికి చెంబెడు నీరు పోయుట అపాయము. కొద్ది నీరు మరగును, విస్తారమైన నీరు వేడిని మ్రింగును. ఖాళీ బకెట్టునుకూడ ఆ నీటిలోనే ముంచవలెను. కలియబెట్టి, నీరు వంపి, క్రొత్త నీటితో నాలుగయిదు మారులు కడుగవలెను. నీటిపై తేలిన గింజలు తాలువి, పురుగు తిన్నవి, వానిని పారవేయవలెను. చివరకు తేఱిన సున్నపు నీటిలో ఒకమాఱు, మంచినీటిలో ఒకమాఱు కడిగి, నీడన పలుచగా ఆరబెట్టవలెను. కడపటి కడుగునీటిలో చిటికెడు వంటసోడా వేసినచో పొంగరాదు. పొంగినచో ఆమ్లము మిగిలినట్లే.

కడిగిన నీరు

ఈ నీటిని బావి, చెరువు, కాలువ, పశువుల తొట్టి దరిదాపుల పోయరాదు. ఒక ప్లాస్టిక్ పీపాలో చేర్చి, తడిపి చల్లార్చిన సున్నమును నీటితో కలిపి కొంచెము కొంచెముగా పోయుచు కలుపవలెను. కాల్చిన రాతిసున్నమును నేరుగా వేయరాదు, వేడి మితిమీఱును. లీటరు ఆమ్లమునకు స్వచ్ఛమైన తడిసున్నపు పొడి దాదాపు 1.4 కిలోలు పట్టును. అంగడి సున్నము అంత స్వచ్ఛము కాదు గనుక రెండు కిలోలు సిద్ధముగా నుంచుకొనవలెను. వంటసోడా పొంగుట మానినపుడు ఆమ్లము విఱిగినట్లు తెలియవలెను. అడుగున మిగులు తెల్లని మడ్డి జిప్సమే. నీటిని బీటినేలపై పోయవచ్చును.

ప్రమాదము జరిగినచో

చర్మముపై పడినచో, ఆలోచించుటకు ఆగక, విస్తారమైన నీరు ధారగా పోయవలెను. పోయుచునే తడిసిన బట్టలు తీసివేయవలెను. ఇరువది నిమిషములకు తగ్గక కడుగవలెను. సున్నము, సోడా, పసుపు, నూనె, పేడ, సిరా మొదలైనవేవియు పూయరాదు. సున్నము పీపాలోని నీటికి మందు. మనిషి దేహమునకు కాదు. ఆమ్లమును సున్నము విఱచునపుడు పుట్టు వేడి ఉన్న గాయమును మఱింత కాల్చును.

కంటిలో పడినచో రెప్పలు వ్రేళ్లతో విప్పి పట్టి, ముక్కువైపునుండి చెవివైపునకు నీరు పాఱునట్లు ఇరువది నిమిషములు కడిగి, అప్పుడే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఈ నిమిషములలోనే చూపు నిలుచుటయో పోవుటయో తేలును. కడుగకుండ బండి ఎక్కించుట మేలు చేయబోయి కీడు చేయుట. నోటిలోనికి పోయినచో నోరు పుక్కిలింపజేయవలెను. వాంతి చేయింపరాదు, ఏలనన దిగునపుడు కాల్చిన గొంతును ఎక్కునపుడు మఱల కాల్చును. తెలుగు రాష్ట్రములు రెండింటను 108కి ఫోను చేసినచో అంబులెన్సు వచ్చును. ఆమ్లపు సీసా చీటీని వైద్యునికి చూపవలెను.

ఎవరి చేయి

విత్తనము ఆసామిది, లాభము ఆసామిది. ఆమ్లము పోయు చేయిమాత్రము తఱచుగా పాలేరుది. ఒక జత తొడుగులు కొని, వానిని ఆసామి పెట్టెలో దాచి, కూలివానిని వట్టిచేతులతో పనికి దింపుట ఏ ధర్మమునకును ఒప్పదు. చదువురాని కూలివాడు సీసాపై చీటీని చదువలేడు. ఆమ్లమును ముందెన్నడు చూడనివాడు దానిని నీళ్లనియే తలచును. చదివిన రైతు నోట చెప్పి, తాను దగ్గఱ నిలిచి, నీళ్ల తొట్టి తానే చూచుకొనవలెను. సాధనములు ఇద్దఱికి చాలనపుడు, దగ్గఱ నుండువానికే ఇచ్చి రెండవవాడు దూరముగా నిలువవలెను. సాధనములు ఒక్కరికిని లేనపుడు ఆ దినమున పని మానవలెను. బాలురను, గర్భవతులను ఈ పనికి పిలువరాదు.

కిలో గింజకు పట్టు పని పావుగంట. దానికి సిద్ధపడుటకు పట్టునది గంట. ఆ గంటను ఆదా చేయదలచినవాడు ఒక మనిషి కన్నును పందెమొడ్డుచున్నాడని ఎఱుగవలెను. తగిన ఏర్పాట్లున్న రైతు ఆమ్లముతో విత్తనమును శుద్ధిచేసికొని సమమైన మొలకను పొందుగాక. ఏర్పాట్లు లేని రైతు పేడనీళ్లతో తృప్తిపడుగాక. ఏ విధమున విత్తినను, విత్తిన చేతులు కోతనాటికి క్షేమముగా నుండుటయే మొదటి ఫలము.